వెబ్ సాంకేతికతలతో డెస్క్‌టాప్ అనువర్తనం: రొద్దం ప్రాంత మాండలిక పదసేకరణకు అన్వయం

వ్యాససంగ్రహం

క్షేత్రపర్యటనలో సేకరించిన మాండలిక సామగ్రిని భద్రపరచడం తెలుగు పరిశోధకులు ఎదుర్కొంటున్న ప్రధాన సమస్యల్లో ఒకటి. వెబ్ పుటల నిర్మాణానికి వాడే సాంకేతికతలతోనే, అంతర్జాలం అవసరం లేకుండా కంప్యూటరులో పనిచేసే అనువర్తనాన్ని రూపొందించుకునే వీలు నేడు ఉంది. అటువంటి అనువర్తనాన్ని ఏర్పాటు చేసే క్రమాన్ని శ్రీ సత్యసాయి జిల్లా రొద్దం పరిసరాల పదసేకరణకు అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రక్రియల విభజన, తెలుగు పాఠపు సంకేతనం, దత్తాంశం నిలవ ఉండే చోటు, దాని రూపం అనే అంశాలపై తొలిరోజున తీసుకునే నిర్ణయాలే సేకరణ ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డెస్క్‌టాప్ అనువర్తనం, ఎలక్ట్రాన్, యూనికోడ్, మాండలిక పదసేకరణ, రొద్దం, దత్తాంశ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తెలుగు భాషాపరిశోధనలో ఒక మైలురాయి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లోను, చేనేత పదాల సంపుటం 1971లోను వెలువడ్డాయి. అర్ధశతాబ్దం గడిచినా ఆ సంపుటాలను నేటి విద్యార్థి ఏ ఉపకరణం అవసరం లేకుండా చదువుకోగలడు. అచ్చుపుస్తకానికి ఉన్న బలం అదే.

కంప్యూటరులో చేరిన తెలుగు పాఠానికి ఇటువంటి భరోసా లేకపోయింది. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు డీటీపీ కేంద్రాల్లో అను మొదలైన ఖతులతో టైపు చేసిన సిద్ధాంతవ్యాసాలు అనేకం. వాటిలో అక్షరభాగాలు రోమన్ లిపి సంకేతాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఖతి ఉన్నంతవరకు తెరపై తెలుగు కనిపిస్తుంది. ఖతి లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాల వరుస మాత్రమే దర్శనమిస్తుంది. పరిశోధకుడు రాసినది తెలుగే అయినా, యంత్రం దాచినది తెలుగు కాదు. ఆ కాలంలో మరో మార్గం లేనందువల్ల ఏర్పడిన స్థితి ఇది. ఇప్పుడు మార్గం ఉంది కనుక అదే నష్టం పునరావృతం కాకుండా చూసుకోవడం పరిశోధకుల బాధ్యత.

2. రొద్దం ప్రాంతం: సేకరణ స్వభావం

రొద్దం పెన్నానదీతీరంలోని మండలకేంద్రం. పూర్వం అనంతపురం జిల్లాలో భాగమై, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు బెంగళూరు–గుంతకల్లు రైలుమార్గంపై ఉన్నాయి. పెనుకొండ విజయనగర రాజులకు రాజధానిగా వెలసిన చరిత్ర కలది. హిందూపురం పట్టుగూళ్ల విపణికి, ధర్మవరం పట్టుచీరల నేతకు ప్రసిద్ధాలు. కర్ణాటక సరిహద్దు సమీపంలో ఉండడం వల్ల ఈ ప్రాంతపు వ్యవహారంలో కన్నడ పదాల ప్రభావం గాఢంగా ఉంటుంది.

ఇటువంటి ప్రాంతంలో పదసేకరణ చేసే పరిశోధకుడికి ఎదురయ్యే సామగ్రి బహువిధం. సేద్యానికి సంబంధించిన పదాలు ఒక వైపు. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు వంటి నేతపదాలు మరొక వైపు. వేరుశనగను రాయలసీమలో బుడ్డలని, శెనక్కాయలని వ్యవహరించడం వంటి పర్యాయభేదాలు ఉంటాయి. పదంతోపాటు ఉచ్చారణ, అర్థం, ప్రయోగవాక్యం, గ్రామం, ఆవేదకుని వయసు, వృత్తి, మాతృభాష, ధ్వనిముద్రణ, ఉపకరణం ఛాయాచిత్రం నమోదు కావాలి. కొన్ని పదాలకు కన్నడ లిపిలో రూపం కూడా చేర్చవలసి రావచ్చు.

ఈ పనికి సాధారణంగా ఎక్సెల్ పట్టికనో, వెబ్ ఫారాన్నో ఆశ్రయిస్తారు. పట్టికలో ధ్వనికీ చిత్రానికీ అనుబంధం సరిగా కుదరదు. వెబ్ ఫారానికి నిరంతర అంతర్జాలం కావాలి. బ్రౌజరులోనే దాచుకునే ఏర్పాటు చేసినా, ఎవరైనా బ్రౌజరు చరిత్రను, స్థలదత్తాంశాన్ని తుడిచివేస్తే సేకరణ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అందువల్ల కంప్యూటరులో నెలకొని, అంతర్జాలం లేకున్నా పనిచేసి, దత్తాంశాన్ని పరిశోధకుని చేతిలోనే ఉంచే అనువర్తనం అవసరమవుతుంది.

3. వెబ్ సాంకేతికతలతో డెస్క్‌టాప్ అనువర్తనం: పరిచయం

వెబ్ పుటకు మూడు అంగాలు ఉంటాయి. హెచ్‌టీఎంఎల్ పుట నిర్మాణాన్ని, సీఎస్ఎస్ దాని రూపాన్ని, జావాస్క్రిప్ట్ దాని ప్రవర్తనను నిర్దేశిస్తాయి. బ్రౌజరులోని పుట భద్రతాకారణాల వల్ల కంప్యూటరులోని ఫైళ్లను స్వేచ్ఛగా చదవలేదు, రాయలేదు. 2009లో వెలువడిన నోడ్.జేఎస్ జావాస్క్రిప్టును బ్రౌజరు వెలుపల నడిపి, ఫైళ్లతో వ్యవహరించే శక్తిని దానికి కల్పించింది.

ఈ రెండింటినీ ఒకచోట చేర్చిన చట్రమే ఎలక్ట్రాన్. గిట్‌హబ్ సంస్థ తన ఆటమ్ పాఠసంపాదకం కోసం 2013లో దీన్ని ఆటమ్ షెల్ పేరుతో ప్రారంభించింది. 2014లో దాని మూలసంకేతం బహిరంగమైంది. 2015లో ఎలక్ట్రాన్ అనే పేరు వచ్చింది. 2016 మే నెలలో 1.0 రూపాంతరం విడుదలైంది. క్రోమ్ బ్రౌజరుకు ఆధారమైన క్రోమియం, నోడ్.జేఎస్ రెండూ ఎలక్ట్రాన్ అనువర్తనంలోనే ఇమిడి ఉంటాయి. కనుక వినియోగదారుని కంప్యూటరులో ఏ బ్రౌజరు ఉన్నదీ, అసలు ఉన్నదీ లేనిదీ ప్రశ్నే కాదు.

పరిశోధన రంగంలో దీనికి మంచి నిదర్శనం ట్రోపీ. పత్రాగారాల్లో తీసుకున్న ఛాయాచిత్రాలను వర్గీకరించి, వివరాలు జోడించుకోవడానికి చరిత్రకారుల కోసం రూపొందిన ఈ ఉచిత అనువర్తనం 2017లో వెలువడింది. ఇది ఎలక్ట్రాన్‌పైనే నిర్మితమైంది. మైక్రోసాఫ్ట్ వారి వీఎస్ కోడ్ కూడా ఇదే చట్రంపై నడుస్తుంది. శాసనాల ఛాయాచిత్రాలు, తాళపత్రాల ప్రతిబింబాలు సేకరించేవారికి ట్రోపీయే సరిపోవచ్చు. తమ ప్రశ్నావళికి తగిన నమోదుపద్ధతి, తెలుగు అకారాదిక్రమం, మాండలిక రూపాల అన్వేషణ కావలసినవారు సొంత అనువర్తనాన్ని ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది.

4. ఏర్పాటు క్రమం

4.1 పూర్వసన్నాహం

ముందుగా నోడ్.జేఎస్ దీర్ఘకాలిక మద్దతు గల రూపాంతరాన్ని కంప్యూటరులో స్థాపించుకోవాలి. దానితోపాటు ఎన్‌పీఎం అనే ప్యాకేజీ నిర్వాహకం కూడా వస్తుంది. తరువాత ఒక ఖాళీ ఫోల్డరును సృష్టించి, దానిలో ఎన్‌పీఎం ప్రారంభ ఆదేశాన్ని ఇస్తే ప్యాకేజీ వివరాల ఫైలు ఏర్పడుతుంది. అనువర్తనం పేరు, రూపాంతరసంఖ్య, మొదట నడవవలసిన ఫైలు పేరు అందులో నమోదవుతాయి. ఆపై ఎలక్ట్రాన్‌ను నిర్మాణదశకు పరిమితమైన ఆధారంగా చేర్చుకోవాలి.

ఈ దశలో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఎలక్ట్రాన్ పరిమాణం పెద్దది కనుక దాన్ని దించుకునే పని కళాశాలలోనో, మంచి అంతర్జాలం ఉన్నచోటనో పూర్తి చేసుకోవాలి. ఒకసారి స్థాపించిన తరువాత క్షేత్రంలో అంతర్జాలం అక్కరలేదు. రెండవది, ఎన్‌పీఎం సృష్టించే లాక్ ఫైలును తొలగించకూడదు. ఏ ఆధారం ఏ రూపాంతరంలో వాడినదీ అందులో ఉంటుంది. ఏడాది తరువాత మరో పరిశోధకుడు అదే అనువర్తనాన్ని అదే స్థితిలో తిరిగి నిర్మించగలగడానికి ఆ ఫైలే ఆధారం.

4.2 మూడు ఫైళ్లు, మూడు బాధ్యతలు

అతి చిన్న అనువర్తనానికైనా మూడు ఫైళ్లు కావాలి. మొదటిది ప్రధాన ప్రక్రియ ఫైలు. అనువర్తనం సిద్ధమైన వెంటనే కిటికీని తెరవడం, ఫైళ్లు చదవడం, రాయడం దీని పని. రెండవది ప్రదర్శక ప్రక్రియలో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ పుట. పదం, అర్థం, గ్రామం నమోదు చేసే గడులు ఇందులో ఉంటాయి. మూడవది ప్రీలోడ్ ఫైలు. ఇది మొదటి రెండింటికీ మధ్యవర్తి.

ఈ విభజనను గ్రంథాలయ వ్యవహారంతో పోల్చి గ్రహించవచ్చు. అరలు మూసి ఉండే పాత గ్రంథాలయాల్లో పాఠకుడు నేరుగా పుస్తకాల వద్దకు వెళ్లడు. కావలసిన పుస్తకం పేరు చీటీపై రాసి ఇస్తాడు. గ్రంథపాలకుడు చీటీని పరిశీలించి, అర నుంచి పుస్తకం తెచ్చి ఇస్తాడు. ఇక్కడ పాఠకుని స్థానం ప్రదర్శక ప్రక్రియది, గ్రంథపాలకుని స్థానం ప్రధాన ప్రక్రియది. చీటీ అందించే గవాక్షమే ప్రీలోడ్ ఫైలు. ‘నమోదును భద్రపరచు’, ‘నమోదులను చూపు’, ‘ఎగుమతి చేయి’ అనే మూడు నాలుగు కోరికలను మాత్రమే ఆ గవాక్షం అనుమతించాలి. ‘ఏ ఫైలునైనా తెరువు’ అనే సర్వాధికారాన్ని ఇవ్వకూడదు.

4.3 భద్రతా నిర్ణయాలు

ఎలక్ట్రాన్ తొలి రూపాంతరాల్లో పుట నుంచే నోడ్.జేఎస్ శక్తులన్నీ అందుబాటులో ఉండేవి. 2019లో వచ్చిన 5వ రూపాంతరం నుంచి ఆ సౌకర్యాన్ని సహజస్థితిలో నిలిపివేశారు. 2021లో 12వ రూపాంతరం నుంచి పుటలోని లిపి, ప్రీలోడ్ లిపి వేర్వేరు సందర్భాల్లో నడవడం సహజస్థితి అయింది. 2022లో 20వ రూపాంతరం నుంచి ప్రదర్శక ప్రక్రియకు మరింత కట్టుదిట్టమైన ఆవరణ ఏర్పడింది. పాత పాఠాలను చూసి అనువర్తనం నిర్మించేవారు ఈ రక్షణలను తొలగించే ఆదేశాలను తెలియకుండానే తమ ఫైళ్లలో చేర్చుకునే ప్రమాదం ఉంది. అందువల్ల అనుసరిస్తున్న పాఠం ఏ కాలానిదో ముందుగా చూసుకోవాలి.

ఈ రక్షణలు పదసేకరణకు అనవసరమని భావించడం పొరపాటు. మరో చోట నుంచి అతికించిన పాఠంలో సంకేతభాగాలు దాగి ఉండవచ్చు. ఆ పాఠాన్ని పుటలో హెచ్‌టీఎంఎల్‌గా చొప్పిస్తే అది ఆదేశంగా మారి నడుస్తుంది. రక్షణలు లేని అనువర్తనంలో ఆ ఆదేశానికి కంప్యూటరులోని ఫైళ్లన్నీ అందుబాటులోకి వస్తాయి. నమోదైన పాఠాన్ని ఎల్లప్పుడూ కేవలపాఠంగానే చూపాలి. బయటి వెబ్ పుటలను ఈ కిటికీలో తెరవనీయకూడదు.

5. తెలుగు పాఠం: ఖతి, సంకేతనం, అన్వేషణ

5.1 ఖతి

క్రోమియం అన్ని వ్యవస్థల్లోను హార్ఫ్‌బజ్ అనే ఒకే లిపిరూపకల్పన యంత్రాంగాన్ని వాడుతుంది. ఒత్తులు, గుణింతాలు, సంయుక్తాక్షరాలు విండోస్‌లో ఒక తీరుగా, లినక్స్‌లో మరో తీరుగా కనిపించే ఇబ్బంది దీనివల్ల బాగా తగ్గుతుంది. అయితే ఖతి కూడా ఒకటే అయినప్పుడే ఈ ప్రయోజనం పూర్తిగా సిద్ధిస్తుంది. వినియోగదారుని కంప్యూటరులోని ఖతిపై ఆధారపడకుండా, స్వేచ్ఛానుమతి గల ఖతిని అనువర్తనం ఫోల్డరులోనే చేర్చి, సీఎస్ఎస్‌లో ప్రకటించాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి, శ్రీకృష్ణదేవరాయ వంటి ఖతులు ఇందుకు అందుబాటులో ఉన్నాయి.

ఖతిని ఎంచుకునే ముందు అది సేకరణకు కావలసిన అక్షరాలన్నింటినీ చూపగలదో లేదో పరీక్షించాలి. దంత్య ౘ, ౙ అక్షరాలు 2008లో యూనికోడ్ 5.1 రూపాంతరంలో చేరాయి. నకారపొల్లుకు 2021లో 14.0 రూపాంతరంలో ప్రత్యేకస్థానం లభించింది. శాసనపాఠాలకు అవసరమైన ఴ 2014లో చేరింది. పాత ఖతుల్లో ఈ అక్షరాల స్థానంలో ఖాళీగడి కనిపించవచ్చు. మాండలిక ఉచ్చారణను నమోదు చేసేవారికి చ–ౘ, జ–ౙ భేదం కీలకం కనుక ఈ పరీక్షను వాయిదా వేయడం తగదు.

5.2 సంకేతన ఏకరూపత

యూనికోడ్‌లో తెలుగు లిపికి దశాంశగణనలో 3072 నుంచి 3199 వరకు స్థానాలు కేటాయించారు. 3200 నుంచి 3327 వరకు కన్నడ లిపివి. రెండు లిపుల సమానాక్షరాలు చాలావరకు సరిగ్గా 128 స్థానాల ఎడంలో ఉంటాయి. తెలుగు అకారం 3077 అయితే కన్నడ అకారం 3205. సరిహద్దు ప్రాంతంలో సేకరించిన కన్నడ రూపాలను తెలుగు లిపిలో చూపడానికి ఈ అమరిక ఉపకరిస్తుంది. అయినా కన్నడ రూపాన్ని కన్నడ లిపిలోనే భద్రపరచి, లిప్యంతరాన్ని చూపుకోసం మాత్రమే వాడడం శాస్త్రీయం.

కంటికి ఒకేలా కనిపించే పాఠం యంత్రానికి వేర్వేరుగా ఉండవచ్చు. ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వం, ఐత్వపు దిగువ గుర్తు అనే రెండు సంకేతాల కూర్పుగాను రాయవచ్చు. ‘రైతు’ అనే పదం రెండు విధాలుగా నమోదైతే, ఒక రూపంతో వెతికినప్పుడు రెండవది దొరకదు. తెలుగులో ఇటువంటి ద్వైవిధ్యం ఐత్వానికే పరిమితం. కన్నడ గుణింతాల్లో ఇది మరిన్ని చోట్ల ఉంది. జావాస్క్రిప్టులోని సాధారణీకరణ ప్రమేయాన్ని నమోదు సమయంలోనే ప్రయోగించి, పాఠాన్ని యూనికోడ్ సంయుక్తరూపంలోకి మార్చితే ఈ సమస్య తీరుతుంది.

మరొక సమస్య కంటికి కనిపించని విడదీత సంకేతం. ‘పవర్‌లూమ్’ అని రాసేటప్పుడు పొల్లు విడిగా నిలవడానికి ఆ సంకేతాన్ని వాడతారు. అది లేకపోతే ‘పవర్లూమ్’ అవుతుంది. ధర్మవరంలో ఒకే పదాన్ని ఇద్దరు విద్యార్థులు రెండు తీరులుగా టైపు చేస్తే పదకోశంలో రెండు ఆరోపాలు ఏర్పడతాయి.

5.3 అన్వేషణ, అకారాదిక్రమం

పై సమస్యకు పరిష్కారం మూలపాఠాన్ని మార్చడం కాదు. ప్రతి నమోదుకు మూలరూపంతోపాటు అన్వేషణరూపం అనే మరో గడిని యంత్రం స్వయంగా సృష్టించాలి. అందులో విడదీత సంకేతాలు తొలగుతాయి. ౘ, ౙ అక్షరాలు చ, జలుగా మారుతాయి. వెతుకులాట అన్వేషణరూపంలో జరుగుతుంది; తెరపై మూలరూపమే కనిపిస్తుంది. పాఠపరిష్కరణలో మూలప్రతిని యథాతథంగా ఉంచి, సవరణను వేరుగా చూపే సంప్రదాయానికి ఇది యంత్రరూపమైన కొనసాగింపు.

అకారాదిక్రమానికీ ఇదే అవసరం. సంకేతస్థానాల సంఖ్యలను బట్టి వరుస పెడితే ౘ, ౙలతో మొదలయ్యే పదాలు హకారాది పదాల తరువాత చేరుతాయి. ళకారం వకారానికి ముందు వస్తుంది. తెలుగు నిఘంటువులకు అలవాటుపడిన పాఠకుడికి ఈ వరుస ఆమోదయోగ్యం కాదు. జావాస్క్రిప్టులోని భాషానుగత క్రమీకరణ సౌకర్యాన్ని తెలుగుకు వర్తింపజేసి, ఫలితాన్ని నమూనా పదజాబితాతో సరిచూసి, అవసరమైనచోట సొంత నియమాన్ని చేర్చుకోవాలి. అనుస్వారాన్ని ఎక్కడ ఉంచాలన్నది యంత్రానికి వదలవలసిన విషయం కాదు. అది నిఘంటుకర్త నిర్ణయం.

6. దత్తాంశం: నిలవ, రూపం, గోప్యత

ఎలక్ట్రాన్ ప్రతి అనువర్తనానికీ ఒక వినియోగదారు ఫోల్డరును కేటాయిస్తుంది. విండోస్‌లో అది సాధారణంగా కంటికి కనిపించని చోట ఉంటుంది. అమరికలను దాచడానికి ఆ చోటు తగినదే. పరిశోధన దత్తాంశాన్ని అక్కడ ఉంచడం మాత్రం ప్రమాదకరం. కంప్యూటరును బాగుచేసేవారు విండోస్‌ను తిరిగి స్థాపించేటప్పుడు డాక్యుమెంట్లు ఎక్కడున్నాయని అడుగుతారే గాని, ఆ దాగిన ఫోల్డరు సంగతి అడగరు. అనువర్తనం మొదటిసారి తెరుచుకున్నప్పుడే సేకరణ ఫోల్డరును ఎంచుకోమని పరిశోధకుని అడగాలి. ఆ చిరునామా తెరపై ఎల్లప్పుడూ కనిపించాలి.

దత్తాంశం రూపం విషయంలో ఎస్‌క్యూలైట్ యోగ్యమైనది. 2000లో వెలువడిన ఈ దత్తాంశనిధి మొత్తాన్ని ఒకే ఫైలులో ఉంచుతుంది. దీన్ని తెరవగల ఉచిత ఉపకరణాలు అనేకం. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం దత్తాంశ నిలవకు సిఫారసు చేసిన రూపాల్లో ఇదీ ఒకటి. ట్రోపీ కూడా ఎస్‌క్యూలైటునే వాడుతుంది. చిన్న సేకరణలకు జేసన్ పాఠఫైలు సరిపోతుంది. అటువంటి సందర్భంలో పాత ఫైలుపై నేరుగా రాయకూడదు. ముందు తాత్కాలిక ఫైలులో రాసి, అది పూర్తయిన తరువాతే దానికి అసలు పేరు పెట్టాలి. రాత మధ్యలో కరెంటు పోయినా పాత ఫైలు చెక్కుచెదరదు.

ఏ రూపంలో దాచినా యూనికోడ్ పాఠంగా ఎగుమతి చేసే వీలు తప్పనిసరి. సీఎస్‌వీ ఎగుమతిలో ఫైలు మొదట యూనికోడ్ గుర్తు చేర్చకపోతే ఎక్సెల్‌లో తెలుగు చెదిరి కనిపించవచ్చు. చూసేవారు దత్తాంశమే చెడిపోయిందని భ్రమపడతారు. ఆ చిన్న గుర్తును చేర్చితే చాలు.

ధ్వనిముద్రణల విషయంలో అనువర్తనంలోనే ముద్రించే సౌకర్యం ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కాని క్రోమియం సహజంగా ఇచ్చే ముద్రణ సంపీడితరూపంలో ఉంటుంది. ధ్వనిశాస్త్ర విశ్లేషణకు సంపీడనం లేని వేవ్ ఫైళ్లు అవసరం. అందువల్ల ప్రత్యేక ముద్రణపరికరంతో ముద్రించి, ఫైలును సేకరణ ఫోల్డరులోకి చేర్చి, నమోదుకు అనుసంధానించడం మేలు. ఆ అనుసంధానం సేకరణ ఫోల్డరుకు సాపేక్షంగా ఉండాలి. డ్రైవు అక్షరంతో కూడిన పూర్తి చిరునామాను దాచితే, పెన్‌డ్రైవులోకి మార్చిన మరుక్షణం అనుసంధానాలన్నీ తెగిపోతాయి.

ఆవేదకుల వివరాలు వ్యక్తిగత సమాచారం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం పరిశోధనకు కొన్ని షరతులతో మినహాయింపు ఇస్తున్నా, నైతికబాధ్యత తొలగదు. పదాల పట్టికలో ఆవేదకునికి సంకేతసంఖ్య మాత్రమే ఉంచి, పేరును, సమ్మతిపత్రాన్ని వేరే ఫైలులో భద్రపరచాలి. ఎగుమతిలో ఆ రెండవ ఫైలు చేరకూడదు. రొద్దంలో మగ్గం ముందు కూర్చున్న నేతకారుడు నమ్మకంతో చెప్పిన మాట, అతని పేరుతో తెలియనివారి చేతికి వెళ్లకుండా చూడడం పరిశోధకుని తొలి ధర్మం.

7. ప్యాకేజీ, పంపిణీ

నిర్మాణం పూర్తయిన అనువర్తనాన్ని ఇతరులు సులభంగా స్థాపించుకునేలా మార్చడానికి ఎలక్ట్రాన్ ఫోర్జ్ అనే ఉపకరణం ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ వ్యవస్థలకు తగిన స్థాపక ఫైళ్లను అది సృష్టిస్తుంది. ఏ వ్యవస్థకు తగిన ఫైలును ఆ వ్యవస్థపైనే నిర్మించడం శ్రేయస్కరం. డిజిటల్ సంతకం లేని అనువర్తనాన్ని తెరిచేటప్పుడు విండోస్ హెచ్చరిక చూపుతుంది. విభాగంలోని ఇతరులకు పంపిణీ చేసేటప్పుడు ఈ సంగతిని ముందుగానే తెలియజేయాలి.

కళాశాల ప్రయోగశాలల విషయంలో మరో ముఖ్యాంశం గమనించాలి. 2023లో వచ్చిన ఎలక్ట్రాన్ 23వ రూపాంతరం నుంచి విండోస్ 7, 8, 8.1 వ్యవస్థలకు మద్దతు ఆగిపోయింది. 22వ రూపాంతరమే వాటిపై నడిచే చివరిది. దానికి భద్రతా సవరణలు కూడా 2023తోనే ముగిశాయి. పాత కంప్యూటర్లున్న ప్రయోగశాలల్లో లినక్స్ స్థాపించి, దానిపై కొత్త రూపాంతరాన్ని నడపడం పరిశీలించదగిన మార్గం.

8. పరిమితులు, ప్రత్యామ్నాయాలు

ఎలక్ట్రాన్‌పై ప్రధాన విమర్శ దాని పరిమాణం. పది గడుల చిన్న అనువర్తనం కూడా పూర్తి బ్రౌజరును మోసుకుని రావడం వల్ల స్థాపనకు నూరు మెగాబైట్లకు పైగా స్థలం కోరుతుంది. జ్ఞాపకశక్తి వినియోగమూ అధికమే. ఎనిమిది వారాలకొకసారి కొత్త ప్రధానరూపాంతరం వస్తుంది. ఇటీవలి మూడు ప్రధానరూపాంతరాలకే మద్దతు ఉంటుంది. కాబట్టి అనువర్తనాన్ని ఒకసారి నిర్మించి వదిలేయడానికి వీలులేదు, ఏటా నవీకరించుకోవాలి.

2022 జూన్‌లో 1.0 రూపాంతరం విడుదలైన టౌరీ ఇందుకు ప్రత్యామ్నాయం. ఇది సొంత బ్రౌజరును మోసుకురాదు. కంప్యూటరు వ్యవస్థలో ఉన్న వెబ్ దర్శినినే వాడుకుంటుంది. అందువల్ల పరిమాణం చాలా చిన్నది. కాని విండోస్, మ్యాక్, లినక్స్ దర్శినులు వేర్వేరు కనుక తెలుగు పాఠం ప్రతి వ్యవస్థలోనూ ఎలా కనిపిస్తున్నదో విడిగా పరీక్షించుకోవాలి. పైగా దాని అంతర్భాగం రస్ట్ భాషలో ఉంటుంది. జావాస్క్రిప్ట్ మాత్రమే నేర్చిన పరిశోధకునికి అది అదనపు శ్రమ. స్థలం తక్కువగా ఉన్నచోట టౌరీ, అన్ని చోట్ల ఒకే రూపం కావలసినచోట ఎలక్ట్రాన్ ఎంచుకోదగినవి.

9. ముగింపు

వెబ్ సాంకేతికతలతో డెస్క్‌టాప్ అనువర్తనం ఏర్పాటు చేయడం ఒక సాంకేతిక ప్రక్రియగా కనిపించినా, అందులోని ప్రతి నిర్ణయం పరిశోధన పద్ధతికి సంబంధించినదే. పై వివరణ నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

• ప్రధాన, ప్రదర్శక ప్రక్రియలను వేరుగా ఉంచి, వాటి మధ్య పరిమితమైన కోరికలనే అనుమతించడం వల్ల సేకరణకు భద్రత చేకూరుతుంది.

• ఖతిని అనువర్తనంలోనే చేర్చి, మాండలిక, ప్రాచీన అక్షరాలకు దాన్ని ముందే పరీక్షించాలి.

• మూలరూపాన్ని యూనికోడ్ సంయుక్తరూపంలో ఉంచి, అన్వేషణరూపాన్ని వేరుగా సృష్టించాలి.

• దత్తాంశం పరిశోధకునికి తెలిసిన చోట, ఇతర ఉపకరణాలతోను తెరవగల రూపంలో ఉండాలి.

• ఆవేదకుల పేర్లను పదసామగ్రి నుంచి వేరుచేసి రక్షించాలి.

అనువర్తనం ఆయుష్షు కొద్ది సంవత్సరాలే. ఎలక్ట్రాన్ స్థానంలో రేపు మరో చట్రం రావచ్చు. సేకరించిన పదం అంతకంటే ఎక్కువకాలం జీవించాలి. అందువల్ల అనువర్తనం సిద్ధమైన రోజునే ఒక పరీక్ష జరపడం అవసరం. పది పదాలు నమోదు చేసి, ఎగుమతి చేసి, అనువర్తనాన్ని పూర్తిగా తొలగించి, ఎగుమతి ఫైలును మరో కంప్యూటరులో సాధారణ పాఠసంపాదకంతో తెరిచి చూడాలి. నాడె, కండె, శెనక్కాయలు అన్న మాటలు అక్కడ తెలుగులో చదవడానికి వీలైతే, ఆ అనువర్తనం క్షేత్రపర్యటనకు సిద్ధమైనట్లే.